రెండో దెబ్బ

1975 చలికాలంలో ఠాణాలో గుండయ్య కుడిచెయ్యి విరగ్గొట్టారు. గుండయ్య మా కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. సావుకారి వెంకటేశ్వర్లు నూలు ఇచ్చేవాడు, వాడలో వాళ్ళు నేసిపెడితే సరుకు ఎత్తుకుపోయేవాడు. కూలి పెంచాలని గుండయ్య నలుగురి ముందు అడిగిన మూడోనాడే, నూలు దొంగిలించాడని అతని మీద ఫిర్యాదు పోయింది.

కూతురు అనసూర్యకు అప్పుడు పదహారేళ్ళు. టిఫిన్ గిన్నెలో అన్నం పట్టుకుపోయి ఠాణా మెట్ల మీద కూర్చుంది. లోపల లాఠీ పడుతున్న చప్పుడు, దాని వెంట తండ్రి గొంతు. మొదట అరుపులు, తర్వాత మూలుగు, ఆ తర్వాత లాఠీ చప్పుడు ఒక్కటే. మధ్యాహ్నం వాడవాళ్ళు పిలిపిస్తే లక్ష్మీనారాయణ అనే వకీలు సైకిలు దిగి లోపలికి వెళ్ళాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్లకోటు. ఏ సెక్షను కింద తెచ్చారు, మేజిస్ట్రేటు ముందు ఎప్పుడు నిలబెడతారు, కాగితం చూపించండి అని అడిగాడు. గొంతు కూడా పెంచలేదు. చప్పుడు ఆగిపోయింది. సాయంత్రానికి గుండయ్యను ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు.

ఆ చప్పుడు ఆగినప్పుడే లా చదవాలని అనుకున్నానని అనసూర్య చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నది.

గుండయ్య చెయ్యి వంకరగా అతుక్కుంది. జంపఖానా నేతలో అడ్డంగా పోయే పేక దారాన్ని పంజాతో కొట్టి బిగించాలి. గద్ద గోళ్ళలాంటి ఇనుప పళ్ళున్న బరువైన పనిముట్టు అది. దాన్ని ఎత్తడం ఇక అతని వల్ల కాలేదు. అనసూర్య మగ్గం ఎక్కింది. పొద్దున హనుమకొండలో కాలేజీ, మధ్యాహ్నం నుంచి పంజా. అట్లాగే బి.ఏ. పాసై, 1980లో లా కాలేజీలో సీటు తెచ్చుకుంది.

సరిగ్గా ఆ నెలలోనే వాడలో పదకొండు ఇళ్ళవాళ్ళు వెంకటేశ్వర్లుతో తెగతెంపులు చేసుకోవాలనుకున్నారు. సికింద్రాబాదులో ఒక పెద్ద దుకాణం సరుకు నేరుగా తీసుకుంటానన్నది. ఉత్తరాలు రాయాలి, రైలెక్కి పోవాలి, బేరం మాట్లాడాలి. అందరికంటే పెద్దవాడు రాజమల్లు, ఆ పని అనసూర్యే చేయాలన్నాడు.

"నువ్వు వకీలువైతె ఎన్నడో ఒకల్ని ఇడిపిస్తవ్ బిడ్డా. గీ దందా నడిపితె ఈ యేడే పదకొండిండ్లు నిలవడ్తయ్. జర ఆలోచన చెయ్యి."

గుండయ్య ఒప్పుకోలేదు. "వద్దు. నువ్వు నల్లకోటే ఏస్కో. గాళ్ళు కోటుకు భయపడ్తరు, మనుషులకు భయపడరు."

అనసూర్య ఇద్దరికీ సరేనన్నది. మొదటి సరుకు పంపించి, కాలేజీలో చేరుతానని చెప్పింది.

సరుకు కట్టలు కట్టి షెడ్డులో పెట్టిన రోజు, మిట్టమధ్యాహ్నం కట్టయ్య వచ్చాడు. కట్టయ్యది మా పక్క సందే. వెంకటేశ్వర్లు దగ్గర ఉండి, అతను చూపించినవాళ్ళను కొట్టేవాడు. ఒక చేతిలో కిరోసిన్ డబ్బా, ఇంకో చేతిలో సైకిల్ చైను. ఏమీ మాట్లాడకుండా కట్టల మీద కిరోసిన్ పోయడం మొదలుపెట్టాడు. గుండయ్య వెళ్ళి డబ్బా పట్టుకున్నాడు. కట్టయ్య అతన్ని కడుపులో తన్నాడు, కిందపడ్డాక చైనుతో వీపు మీద బాదాడు, ఆ వంకర చేతి మీద చెప్పుకాలు పెట్టి నిలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డు అవతలి చివర మగ్గం మీదున్న అనసూర్యకు వినిపించింది.

ఆమె చేతిలో పంజా ఉంది. లేచి వచ్చి వెనకనుంచి భుజం మీద కొట్టింది. కట్టయ్య పడ్డాడు. చైను జారి దూరంగా పోయింది. అతను వెల్లకిలా తిరిగి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వద్దు చెల్లె," అన్నాడు.

ఆమె ఆ మాట విన్నది. విని, రెండోసారి కొట్టింది. పంజా పళ్ళు చేతుల సందులోంచి దిగి ఎడమ కంటిలో పడ్డాయి. గుమ్మంలో రాజమల్లు నిలబడి చూస్తున్నాడు.

కట్టయ్య కన్ను పోయింది. అనసూర్య మీద కేసు పెట్టి, నాలుగో రోజు జామీను మీద వదిలారు. కాలేజీ సీటు వెనక్కి పోయింది. గుండయ్య నెలన్నర దవాఖానలో ఉన్నాడు.

లక్ష్మీనారాయణే ఆమె తరఫున నిలబడ్డాడు. విచారణకు ముందు ఇంటికి పిలిపించి చెప్పాడు:

"ఒక్కటే దెబ్బమ్మా. కట్టయ్య నిలబడే ఉన్నడు, చేతిల చైనున్నది. మీ నాయనను సంపుతడని భయపడి కొట్టినవు. అది కంట్ల పడి భుజం మీదికి జారింది."

"రెండోది?"

"రెండోది లేదు."

"ఉన్నది సార్."

"ఉంటే శిక్ష గూడ ఉంటది. నల్లకోటు మాత్రం ఉండదు. నీకేం గావాల్నో నువ్వే జెప్పు."

ఆమె ఆయన నేర్పిన మాటలను ఆయన ముందే మూడుసార్లు చెప్పి చూపింది.

కోర్టులో కట్టయ్య కూడా నేర్పిన మాటలే చెప్పాడు. చెల్లెలి పెండ్లికి జంపఖానా కొనడానికి పోయానని, పాత పగతో ఈ పిల్ల కొట్టిందని అన్నాడు. జంపఖానా కొనడానికి కిరోసిన్ డబ్బా ఎందుకయ్యా అని లక్ష్మీనారాయణ అడిగేసరికి తడబడ్డాడు. కోర్టు హాలంతా నవ్వింది. కట్టయ్య మాత్రం మిగిలిన కంటితో అనసూర్యనే చూస్తూ నిలబడ్డాడు. రాజమల్లు బోనెక్కి, తాను చూసింది ఒక్కటే దెబ్బ అని దేవుని మీద ప్రమాణం చేశాడు. 1982 ఫిబ్రవరిలో కేసు కొట్టేశారు. వాడలో పటాకులు కాల్చారు.

ఆ జూలైలో ఆమె మళ్ళీ దరఖాస్తు పెట్టి లా కాలేజీలో చేరింది. రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక రోజు లెక్చరరు ఆత్మరక్షణ హక్కు గురించి పాఠం చెప్పాడు. ప్రమాదం ఉన్నంతవరకే ఆ హక్కు ఉంటుందన్నాడు. ఎదుటివాడు పడిపోయి, చేతిలో ఆయుధం లేకుండా వేడుకుంటుంటే, అప్పుడు వేసే దెబ్బ రక్షణ కాదు, నేరం అన్నాడు. అనసూర్య ఆ మాటలు నోట్సులో రాసుకుంది. గంట కొట్టాక పుస్తకాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. మళ్ళీ కాలేజీకి పోలేదు.

లక్ష్మీనారాయణ నచ్చజెప్పబోయాడు. "ఈ కోటు తొడుక్కున్న ప్రతోడూ ఇసొంటిది ఒకటి మోస్తనే ఉంటడమ్మా."

"మీరు మోయగల్గిన్రు సార్. కోటు ఏస్కుంటె రేపు నేను గూడ ఇంకొకల్కి గిట్లనే చెప్పమని నేర్పాలె. మంచిగనే నేర్పుత. గదే నా భయం."

కన్ను పోయాక కట్టయ్యను వెంకటేశ్వర్లు దగ్గరికి రానివ్వలేదు. కేసముద్రం మార్కెట్‌లో హమాలీ చేస్తున్నాడని తెలిసి, అనసూర్య ఒక పొద్దున రైలెక్కి వెళ్ళింది. అతను పత్తి కూరిన గోనె బోరాలు మోస్తున్నాడు. ఆమెను చూసి బోరం దించి నిలబడ్డాడు.

"ఎందుకొచ్చినవ్?"

"నువ్వు కిందవడి వద్దన్నవ్. నేనిన్న. ఇని కొట్టిన. కోర్టుల అబద్ధం జెప్పిన."

"గది నాకెర్కలేదా? నేను జెప్పలేదా అబద్ధం? నీ అబద్ధాన్ని నమ్మిన్రు. నా అబద్ధానికి నవ్విన్రు. గంతే ఫరక్."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. కట్టయ్య పిడికిలి బిగించి ఆమె నోటి మీద కొట్టాడు. ఆమె బోరాల మీద పడింది. ముందుపన్ను విరిగి పెదవి చీలింది. హమాలీలు ఉరికొచ్చి అతన్ని పట్టుకున్నారు. ఒకతను కొట్టడానికి చెయ్యెత్తాడు కూడా. అనసూర్య రక్తం ఉమ్మి లేచింది.

"ఇడిశిపెట్టుండ్రి. మా వాడాయనే," అన్నది.

కట్టయ్య బోరం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

కేసుతో ఆగిపోయిన బేరం కోసం ఆ వారమే ఆమె సికింద్రాబాదు దుకాణానికి మళ్ళీ ఉత్తరం రాసింది. వ్యాపారంలో ఆమెకు ఒడుపుంది. మూడేళ్ళలో పదకొండు ఇళ్ళు ముప్పై అయ్యాయి. గుండయ్యకు మాత్రం కూతురు లా మానేసిందన్న దుఃఖం తీరలేదు. చనిపోయేదాకా చుట్టాలకు తన బిడ్డ లా చదువుతోందనే చెప్పుకున్నాడు.

1985లో వెంకటేశ్వర్లు మనుషులు తెల్లవారుజామున వచ్చి షెడ్డుకు నిప్పు పెట్టారు. నాలుగు మగ్గాలు కాలిపోయాయి. పారిపోతున్నవాళ్ళలో ఒకడు మావాళ్ళకు దొరికాడు. సందు మలుపులో పడేసి కొడుతున్నారు. రాజమల్లు కొడుకు మగ్గం కర్రతో వాడి మోకాళ్ళు రెండూ పగలగొట్టి, వాడి తలకేసి కర్ర ఎత్తాడు. అనసూర్య పరుగెత్తుకొచ్చి ఆ కిందపడ్డవాడి మీద బోర్లా పడింది. కర్ర ఆమె భుజం మీద పడి ఎముక విరిగింది. వాడు బతికాడు. మళ్ళీ నడవలేదు.

అప్పుడు రెండు కేసులు నడిచాయి. నిప్పు పెట్టినవాళ్ళ మీద ఒకటి, కొట్టినవాళ్ళ మీద ఒకటి. రెండింటికీ అనసూర్యే ముఖ్య సాక్షి. రాజమల్లు ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"నీకోసం నేను దేవుని మీద ఒట్టేసి అబద్ధం జెప్పిన. గిప్పుడు నా కొడుకుకోసం నువ్వు జెప్పు."

"తాతా, నీ కాళ్ళు మొక్కుత. గది తప్ప ఏమన్న అడుగు."

"నాకు ఇంకేం వద్దు."

కోర్టులో ఆమె చూసినదంతా చెప్పింది. నిప్పు పెట్టిన నలుగురికీ, వాళ్ళను పంపిన వెంకటేశ్వర్లుకూ శిక్ష పడింది. రాజమల్లు కొడుకుకు కూడా ఏడాది పడింది. వాడలో కొందరు ఆమె ఇంటి మీద రాళ్ళు వేశారు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు విడిపోయి వేరే సావుకారిని చూసుకున్నారు. మేమూ కొన్నాళ్ళు ఆమె ఇంటికి పోవడం మానేశాం.

రాజమల్లు రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ప్రతి శనివారం వచ్చి, నేసిన జంపఖానాలు మాత్రం కొత్త సావుకారికి ఇవ్వకుండా ఆమె అరుగు మీదే పెట్టి పోయేవాడు.