టీ కంపెనీ వ్యానూ... మా చుక్కోడూ

మా చిన్నప్పుడు... ముసునూరులో ఎడ్ల పందెం జరిగితే, బండ లాగే ఎడ్ల దగ్గరకంటే టీ కంపెనీ వ్యాను దగ్గరే జనం ఎక్కువ ఉండేవారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. నాకు ఎనిమిదేళ్ళు. మామిడి కోతలు అయిపోయి, తొలకరి ఇంకా పడని రోజుల్లో పందేలు పెట్టేవారు. ఒక జత బండ లాగాక ఇంకో జతను కాడికి కట్టేలోపు కాస్త వ్యవధి ఉండేది కదా... ఆ కాసేపూ వ్యాను వాళ్ళదే. పైన బాకాలోంచి గ్రామఫోను పాట. కర్రకాళ్ళు కట్టుకుని ఒకాయన టీ పొట్లాలు విసురుతూ తిరిగేవాడు. ఆడవేషం కట్టిన ఇంకొకాయన వయ్యారంగా కప్పెత్తి టీ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, కళ్ళు గుండ్రంగా తిప్పేవాడు. నవ్వలేక చచ్చేవాళ్ళం.

మా ఇళ్ళలో అప్పటికి మజ్జిగే గానీ టీ ఎరగం. అయినా కంపెనీ పాట పిల్లలందరికీ నోటికి వచ్చు. ఎడ్లు లాగుతుంటే, ఎప్పుడు ఆగుతాయా, వ్యాను పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాళ్ళం. ఉన్నమాట చెప్తున్నాను.

మా నాన్నకూ ఒక జత ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్నవాడు చుక్కోడు, బూడిదరంగు వాడు మైలోడు. వేసవంతా రసాల బుట్టలతో బండిని నూజివీడు లాగేది వాళ్ళే. ఆ జతంటే నాన్నకు ప్రాణం. ఆ ఏడు పందెం మాదేనని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

పందేనికి ముందురోజు వ్యాను మా వీధిలో ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న కంపెనీ ఆయన నన్నే అడిగాడు.

"రేపు ఎవరి ఎడ్లు గెలుస్తాయి పాపా?"

"మావేనండీ" అన్నాను గొప్పగా. నేనే చెయ్యి పట్టుకుని ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాను.

ఆయన సంచిలోంచి రెండు ఎర్రబట్టలు తీశాడు. వాటి మీద కంపెనీ పేరు, పొగలు వస్తున్న కప్పు బొమ్మ. "రేపు మీ ఎడ్ల మీద ఇవి కప్పండి చాలు. జనమంతా చూస్తారు" అన్నాడు.

నాయనమ్మ వసారాలోంచే అంది. "ఊరేగింపుకైతే కప్పుతాం గానీ, బండ లాగే ఎద్దుకి బట్టేంట్రా?"

నాన్న కూడా "వద్దులెండి, మా వాటికి అలవాటు లేదండీ" అన్నాడు.

నేను ఏడుపు లంకించుకున్నాను. మా ఎడ్ల మీద ఆ కప్పు బొమ్మ ఉండాలి... అంతే. అన్నం ముట్టనన్నాను. నాన్న నా ఏడుపు చూడలేడు. "సరేలే, ఊరుకో. ఈ ఒక్కసారికి కప్పుదాం" అన్నాడు.

మర్నాడు ఎర్రబట్టలతో మా జత రాగానే అందరూ కేకలు. నా గొప్ప ఇంతా అంతా కాదు. సగం దూరం బాగానే లాగారు. ఎప్పుడూ జతకీ జతకీ మధ్యలో పాట పెట్టేవాళ్ళు, ఆ రోజు తమ పేరున్న ఎడ్లు కదా అని లాగుతుండగానే పెట్టేశారు. చుక్కోడు బెదిరి పక్కకు తిరిగాడు. బట్ట జారి వెనక కాళ్ళకు చుట్టుకుంది. పడిపోయాడు. మైలోడు ఆగకుండా నాలుగడుగులు ఈడ్చేశాడు.

కాలు విరిగిన చప్పుడు నాకు వినపడలేదు. పాట అంత గట్టిగా ఉంది.

నాన్న కాడి విప్పి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని మట్టిలో కూర్చుండిపోయాడు. జనం వెళ్ళిపోతారనుకున్నారో ఏమో, వ్యాను వాళ్ళు ఆడవేషం ఆయన్ని దింపారు. ఆయన టీ తాగి, మూతి తుడుచుకుని, కళ్ళు తిప్పాడు. అందరూ అటు తిరిగారు. నేనూ తిరిగాను... నవ్వాను.

మళ్ళీ ఇటు చూసేసరికి నాన్న నన్నే చూస్తున్నాడు.

తిట్టలేదు. ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు. చుక్కోణ్ణి తోటలోకి చేర్చి, గడ్డి నోటికి అందించేవాడు. నేను నీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. తొలకరి పడిన వారానికి వాడు పోయాడు. నాన్న మళ్ళీ పందెం వైపు వెళ్ళలేదు. "ఎందుకు నవ్వావమ్మా" అని ఒక్కసారి అడిగి ఉంటే కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. ఆ సిగ్గు మాత్రం ఇంకా నాతోనే ఉంది.

మొన్న ఏదో పెద్ద మ్యాచ్ అని ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఇప్పుడు నేను చెప్తుంటే ఇదంతా టైపు చేస్తున్న మా మునిమనవరాలికి ఆటకంటే ప్రకటనలే ఇష్టం. వస్తే చాలు, గొంతు కలిపి పాడుతుంది. దాన్ని తప్పు పట్టను... నేనూ అలాంటిదాన్నే.

బంతి కోసం పరిగెత్తిన ఒక కుర్రాడు కాలు మెలికపడి పడిపోయాడు. మోకాలు పట్టుకుని దొర్లుతున్నాడు. అంతలో ప్రకటన వచ్చేసింది. ఎవరో గంతులేస్తూ కూల్‌డ్రింకు తాగారు. ఇంట్లో అందరూ నవ్వారు.

"ఆ అబ్బాయి లేచాడా?" అని అడిగాను.

"ఉండు తాతమ్మా, ఈ యాడ్ చూడు, భలే ఉంటుంది" అంది పిల్ల.

ప్రకటన అయ్యాక ఆట మొదలైంది. అతని చోట ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా రోజుల్లో ఒక్క వ్యాను ఉండేది... ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. మీరూ ఆ మ్యాచ్ చూసే ఉంటారు. ఆ అబ్బాయి లేచాడో లేదో ఎవరైనా చూసి ఉంటే కింద రాయండి... పిల్ల చదివి చెప్తుంది.