ఏరియేటర్లు ఆగిన అరగంట

మొన్న సాయంత్రం మా అక్క కూతురు ఫోన్‌లో ఒక వాద్యసంగీతం పంపించింది. "పిన్నీ, అమ్మ నాట్య కళాశాలలో చేరకముందు దీనికే డాన్స్ చేసిందటగా, నెట్‌లో దొరికింది, విను" అని కింద రాసింది. పొయ్యి మీద పాలు పెట్టి విన్నాను. పాట లేదు, మాట లేదు. గుంపుగా వయొలిన్లు, వాటి మధ్య ఒక వేణువు, అడుగున డోలు. అదే సంగీతం, సందేహం లేదు. కానీ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పరుగెడుతోంది. నేనెరిగినది ఇలా ఉండేది కాదు. ఫోన్‌లో వేగం తగ్గించే వీలుందని గుర్తొచ్చి తగ్గించాను. నడక నెమ్మదించింది గానీ శ్రుతి దిగలేదు. దిగులు పడాల్సిన చోట ఆవలిస్తున్నట్టుంది. పెంచాను, తగ్గించాను, లేచాను, కూర్చున్నాను. ఈలోగా పాలు పొంగిపోయాయి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆ రోజుల్లో వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్నాయి. నాన్న కూడా ఇంటి వెనక చెరువులు తవ్వించి, రొయ్యలకు ఊపిరాడేందుకు నీళ్ళను చిలికే ఏరియేటర్లు పెట్టించారు. పొద్దువాలగానే మావీ, పక్కవాళ్ళవీ ఒక్కసారిగా తిరిగేవి. ఇంట్లో బల్బు పండుమిరప రంగుకి దిగిపోయేది, అమ్మ ఇక మిక్సీ జోలికి వెళ్ళేది కాదు. మా టేప్‌రికార్డర్ ముసలిది, కరెంటు ఎంత ఇస్తే అంత నడిచేది. అక్క ఆ సంగీతం క్యాసెట్టు పెట్టుకుని నాట్యసాధన చేసేది సరిగ్గా అప్పుడే. పగలు తనకి ఇంటర్ కాలేజీ ఉండేది, సెలవురోజు పగలు చూద్దామంటే కరెంటు ఉండేది కాదు. అందుకని ఆ క్యాసెట్టు అసలు వేగమేమిటో మాలో ఎవరికీ తెలియదు. వయొలిన్లు బొంగురుగా, బరువుగా, వాన కురవబోతున్నట్టు మోగేవి. వేణువు వచ్చేసరికి నాకు ఊరికే ఏడుపొచ్చేది. అక్క ఆ దిగులుకు తగ్గట్టే ఒక్కో అడుగూ కూర్చుకుంది, నిదానంగా, చెయ్యి ఎత్తితే దించడానికి ఇష్టం లేనట్టుగా.

అక్కకి రాజమండ్రిలో నాట్య కళాశాలలో చేరాలని. నాన్నకి బీకాం చదివించాలని. ఇద్దరూ ఇల్లు పీకి పందిరేసి, చివరికి ఒక మాటకొచ్చారు. కళాశాలవాళ్ళ ఎంపికలో నెగ్గితే నాట్యం, లేదంటే నోరెత్తకుండా బీకాం. తీరా రాజమండ్రి వెళ్తే ఆ హాల్లో కరెంటు నిలకడగా ఉంది, టేపూ కొత్తది. క్యాసెట్టు వెయ్యగానే మా దిగులు సంగీతం కట్టు విప్పిన దూడలా గెంతింది! అక్క తెల్లబోయింది. కాసేపు వెంటపడి, అందుకోలేక, తన నడకే తను పట్టుకుంది. సంగీతం అయిపోయింది, అక్క నాట్యం అవలేదు. నిశ్శబ్దంలో గజ్జెల చప్పుడొక్కటే. నాన్న సగం లేచి, "కరెంటు పోయిందేంటండీ?" అని పక్కాయన్ని అడిగారు. ఎంపిక చేసే పెద్దావిడ మంచిది. "బాగా చేస్తున్నావమ్మా. కానీ సంగీతం ఒక దారి, నువ్వో దారి అయితే ఎలా? పై నెల మళ్ళీ చూస్తాం, సరిచేసుకుని రా" అంది.

బస్సు దిగి ఇంటి గుమ్మంలోకి రాగానే అక్క బద్దలైంది. "మీ రొయ్యలు నా పాటని మింగేశాయి నాన్నా!" అంది. "అవి ఊపిరాడక తేలిపోతే ఇంటిల్లిపాదీ తేలిపోతామే" అని నాన్నా అరిచారు. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దువాలింది గానీ, చెరువుల వైపు నుంచి చప్పుడు లేదు. బల్బు తెల్లగా వెలుగుతోంది. నాన్న గుమ్మంలోకొచ్చి, "అరగంట ఆపాను. ఊఁ, పెట్టుకో" అని వెళ్ళిపోయారు. మా ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఉన్న పక్క చెరువు ఆయన్ని కూడా ఒప్పించారట. ఆయన "పాట కోసం చెరువు ఆపుతారా ఏంటండీ!" అని నవ్వి, పాపం ఆపాడు.

ఆ నెలంతా మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. లోపల అక్క పాత అడుగులు విప్పి కొత్తవి కూర్చుకుంటూ ఆపసోపాలు పడేది. బయట నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగేవారు. "అయిందా?" అని అక్కణ్ణుంచే కేక. "అవలేదు!" అని ఇక్కణ్ణుంచి కేక. ఒకరోజు బాగా ఉక్కపోసింది, ఆకు కదల్లేదు. చెరువు మూల రొయ్యలు ఊపిరాడక పైకి తేలి మీసాలు ఎత్తాయి. నాన్న స్విచ్‌బోర్డు దగ్గరికి పరుగెత్తారు. చెయ్యి స్విచ్చు మీద వేసి ఆగిపోయారు. అమ్మ వెనకే పరుగెత్తింది. "వేసెయ్యండి, చూస్తారేంటి!" అని అరిచింది.

"ఉండవే. చివరికొచ్చింది. ఆ వేణువు ఒక్కటీ అయిపోనీ" అన్నారు నాన్న.

నాట్యం పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషికి ఆ సంగీతం అంతా వచ్చేసిందని మాకు అప్పుడే తెలిసింది. వేణువు అయిపోయింది, నాన్న స్విచ్చు వేశారు, రొయ్యలు దక్కాయి. పై నెల అక్కకి సీటూ దక్కింది. ఇప్పుడు అదే కళాశాలలో పాఠం చెబుతోంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

పొంగిన పాలు తుడిచి అక్కకి ఫోన్ చేశాను. "ఎంత తగ్గించినా మన పాట రావట్లేదే" అన్నాను. "అది పాటలో లేదే పిచ్చిదానా, మన కరెంటులో ఉంది" అని నవ్వింది. ఫోన్ పెట్టేశాక, ఈసారి వేగం ముట్టుకోకుండా, మొదటి నుంచి విన్నాను. వేణువు దగ్గరికొచ్చేసరికి ఎవరో గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నట్టే అనిపించి, కదలకుండా చివరిదాకా కూర్చున్నాను. నేనెరిగి కాలం ఆగింది ఆ ఒక్క నెలే, అదీ పొద్దువాలాక ఒక్క అరగంట, నాన్న ఆ స్విచ్చు వెయ్యకుండా ఆగినంతసేపు.