చురకల సువార్తమ్మ

మా మేనత్త సువార్తమ్మ నవంబరు చివరి వారంలో ప్రభువు సన్నిధికి చేరింది. ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు ఎక్కుతుండగా ఫోన్ వచ్చింది. ఎక్కిన మెట్లు దిగి వెనక్కి తిరిగాను. నివాళిలో సౌజన్యమూర్తి అనీ, తీరని లోటు అనీ రాయమంటున్నారు అందరూ. నేను రాయను. పొగడ్తలంటే ఆమెకు ఒళ్లుమంట.

నెదర్లాండ్స్‌లో పన్నెండేళ్లు నర్సుగా పనిచేసిన అత్త అక్కడి నుంచి ఒక పండుగను తెచ్చుకుంది. డిసెంబరు ఐదు సాయంత్రం సింటర్‌క్లాస్ అనే ముసలి బిషప్పు తెల్లగుర్రమెక్కి కానుకలు తెస్తాడట. ఆ గుర్రం కోసం గడప దగ్గర మా బూట్లలో క్యారెట్లు పెట్టించేది. లవంగాలు, దాల్చినచెక్క వేసి రాళ్లలాంటి బిస్కెట్లు కాల్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న మెరుపు కాగితాల్లో కానుకలు చుట్టి, ఒక్కోదానికి ఒక చురక పద్యం తగిలించేది. ఎవరి లోపం వాళ్లే అందరి ముందూ నిలబడి చదవాలి. రాసింది సింటర్‌క్లాసే అని బుకాయించేది గానీ దస్తూరి అత్తదే.

ఒకసారి మా చర్చి సంఘ పెద్ద ఒకాయన, "గిదేం పండుగమ్మా, మనది కాదు గదా" అని మందలించారు.

"కేకు గూడ మనది కాదు అయ్యగారూ, తింటలేరా?" అంటూ అత్త బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపింది. మరుసటి ఏడు ఆయనకూ ఒక చురక అందింది, ప్రసంగాల పొడవు మీద.

ఈసారి ఆమె అన్న, అంటే మా నాన్న, అడ్డుపడ్డాడు. "చావైన ఇంట్ల నవ్వులేంది? లోకమేమంటది?"

"అత్తతోని పండుగను గూడ బొందపెడుదామా నాన్నా?" అన్నాను. ఈ ఏడు ఆపితే ఇక ఎన్నటికీ మొదలుకాదని నాకు తెలుసు. బూట్లు నేనే వరుసగా పెట్టాను, అత్తవి కూడా.

దవాఖానకు వెళ్లకముందే, తిరిగి రానని తెలిసినట్టు, ఆమె కానుకలన్నీ చుట్టి బీరువాలో పెట్టింది. నాన్నకు మఫ్లరు వచ్చింది. ఇష్టం లేకున్నా లేచి చదివాడు:

"నేనుంటె గొణుగుడు, పోతె అడ్డంపడుడు,
నవ్వెటోళ్లను జూస్తె కడుపుల మండుడు!
మెడకు మఫ్లరు చుట్టు, మూతి జర ఇప్పు,
గీ పండుగ ఆగితే అన్నా, నీదే తప్పు!"

చివరి పాదం చదవకుండానే చీటీ మడవబోయాడు. మధ్యలో ఆపితే మొదటి నుంచి చదవాలన్నది అత్త పెట్టిన నియమం. మళ్లీ చదవమన్నాను. నవ్వుతూ, ఏడుస్తూ చదివాడు.

తర్వాత పెన్ను అడిగాడు. జన్మలో ఒక్క పద్యం రాయని మనిషి. "దానికి జవాబియ్యాలె గదా" అంటూ చీటీ రాసి ఆమె బూటులో, క్యారెట్ పక్కన పెట్టాడు.

అత్తా, నేనుండగా ఈ పండుగ ఆగదు. నీకు పూలదండ వేయను. నాన్న రాసిన చీటీనే నీ పాదాల దగ్గర పెడుతున్నాను:

"నీ బిస్కెట్లు వట్టి రాళ్లే చెల్లె. ఇంకో రెండు కాల్చిపెట్టి పోతె ఏమాయె?"