యాభై రూపాయల దుమ్ము

బేరంలో నాకు సాటి కర్నూల్లో లేరు. ఆటోమేటిక్ కార్ వాష్‌లో కూడా యాభై రూపాయలు తగ్గించిన ఘనుణ్ణి నేను. "ముందు పైపుతో నీళ్లు కొట్టేది వద్దులేప్పా, మెషిన్ ఎట్లాగూ కడుగుతాది గదా, ఆ యాభై తీసెయ్" అన్నాను. తీసేశాడు.

కారు నాయనది. కొన్ననాటి రంగు చెదరకూడదని ఆయన పంతం. ఆదివారం పొద్దున మా అంగడి ముందు నిలబెట్టి చెంబుతో నీళ్లు పోసేవాడు. దుమ్మంతా కారిపోయేదాకా నన్ను గుడ్డ ముట్టనిచ్చేవాడు కాదు. తర్వాత పాత పంచె ముక్కతో ఇద్దరం వ్యాక్స్ రుద్దేవాళ్లం. పక్క అంగళ్లవాళ్లు అద్దంలా ఉందని అక్కడే తల దువ్వుకునేవారు.

నేను బేరమాడిన రోజు కారు డోన్ నుంచి నాపరాళ్ల దుమ్ముతో వచ్చింది. మెషిన్ బ్రష్షులు ఆ దుమ్ముతోనే తోమాయి. బానెట్ నిండా గీతలు. నాయన వేలితో తడిమి, "ఏమప్పా, యాభై మిగిల్చినావంట గదా. శానా గొప్పోడివైనావే!" అన్నాడు.

గీతలు తీయించడానికి నాలుగు వేలడిగితే మూడు వేలకు దించాను. లోతైనవి పోలేదు. మిగిల్చిన యాభై తీసేస్తే నాకు పడింది రెండువేల తొమ్మిది వందల యాభై. నాయన ఇన్నేళ్లు వ్యాక్స్ రుద్దిన కూలి అందులో కలపలేదు.