రెండో కాన్పు తర్వాత

పాప పుట్టిన ఇరవై రోజులకు నా భార్య మాట్లాడడం తగ్గించింది. నెల దాటేసరికి దాదాపు మానేసింది.

మాది కేతేపల్లి దగ్గర ఒక ఊరు. రోడ్డు మీద నాకు చిన్న షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో రైతులు మోటారు తెచ్చి షాపు ముందు పెట్టి, పని అయ్యేదాకా అక్కడి నుంచి కదలరు. పాప పుట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పని ఒత్తిడి వల్ల ఇంట్లో సంగతి నాకు ఆలస్యంగా తెలిసిందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి తెలుస్తూనే ఉండింది. ఏం చేయాలో తోచక చూడనట్టు ఉన్నాను.

ఆమె మాటల మనిషి. ఇంట్లో జాకెట్లు కుట్టేది. కొలత ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గంటసేపు కూర్చుని గానీ పోయేవాళ్లు కాదు. నేను ఇంటికి రాగానే ఊళ్లో సంగతులన్నీ వరసగా చెప్పేది. మధ్యలో నేను ఊకొట్టకపోతే ఆపి, ఇప్పటిదాకా చెప్పింది ఏమిటో చెప్పమనేది. మా పెద్దవాడు పుట్టినప్పుడు కాన్పు ఆమె తల్లిగారింట్లో జరిగింది. పాప నాటికి ఆ తల్లి లేదు, ఏడాది కిందే పోయింది. అందుకని ఈసారి మా ఇంట్లోనే, మా అమ్మ చేతుల మీద. అమ్మకు ఒక కంట్లో శుక్లం, రెండు మోకాళ్లకూ నొప్పులు. అయినా నీళ్లు కాచి పోసింది, పథ్యం వండి పెట్టింది. ఆమె వల్ల అయినదంతా చేసింది.

నా భార్య ఆ వండినది ముట్టేది కాదు. పాప నిద్రపోయినా తను నిద్రపోయేది కాదు. పాలు పట్టమని అమ్మ ఒళ్లో పడుకోబెడితే పట్టేది, ఆ తర్వాత బిడ్డను ఎవరో ఇచ్చిపోయిన సామానులా పక్కన పెట్టేది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. పెద్దవాడు కొంగు పట్టుకుని గుంజితే వాడి వైపు చూసేది, కానీ వాడిని చూస్తున్నట్టు ఉండేది కాదు.

గాలి సోకిందన్నారు కొందరు. బాలింతరాలు దీపాలు పెట్టే వేళ గడపలో కూర్చుందని మా అమ్మకు అనుమానం. పక్కింట్లో ఒక ముస్లిం పెద్దామె ఉంటుంది, మేమంతా ఖాలా అని పిలుస్తాం. ఆమె, అమ్మ కలిసి నా భార్యను ఆటోలో దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించుకొచ్చారు. వాళ్లను తప్పు పట్టను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భార్య ఖాలా భుజం మీద తల పెట్టి ఏడ్చిందట. కాన్పు తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు. నా దగ్గర అంతమాత్రం కూడా ఏడవలేదు.

ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. అమ్మ రేషన్ షాపుకు పోయింది. తొట్టెలలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నా భార్య లోపలి గదిలో గోడకు ఆనుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది. నేను కోపంగానే కేకేశాను. ఆమె తలెత్తి, చాలా రోజుల తర్వాత పూర్తిగా ఒక మాట మాట్లాడింది.

"పాపను నా ఒక్కదాని దగ్గర ఇడ్సిపెట్టి పోకు. నేనే ఏమన్న చేస్తనేమోనని భయమైతాంది."

పాపను ఎత్తుకున్నాను. ఖాలాను పిలిచి కాసేపు మా ఇంట్లో కూర్చోమని చెప్పి బయటపడ్డాను. ఎక్కడికి పోవాలో తెలియదు. షాపుకు పోలేను. మా అన్నదమ్ముల ఇళ్లకు పోతే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెద్దవాడిని అంగన్‌వాడి నుంచి తెచ్చే వేళ అయిందని గుర్తొచ్చి అటు నడిచాను.

అంగన్‌వాడి అంటే పాత స్కూలు పక్కన ఒకే ఒక్క గది. నేను పోయేసరికి గర్భిణులు, బాలింతలు చాపల మీద కూర్చుని తింటున్నారు. అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసులో పాలు. పసిబిడ్డతో గుమ్మంలో నిలబడ్డ మగవాణ్ని చూసి అందరి మాటలూ ఆగిపోయాయి. టీచర్ మాత్రం నన్ను లోపలికి రమ్మని, చాప చివర జాగా చూపించింది. నలభై అయిదేళ్ల మనిషి. మా ఊరి కోడలే. నాకు తెలిసి ఆమె పని పిల్లలతో పాటలు పాడించడం, బరువులు తూచి రాసుకోవడం. పిల్లవాడిని దింపడమూ తీసుకురావడమూ తప్ప ఆమెతో నాకు మాటలే లేవు.

ఇంటామె ఎందుకు రావడం లేదని అడిగింది. జ్వరమన్నాను. పాపను నా చేతుల్లోంచి తీసుకుని తూచింది. బరువు చూసి, తన దగ్గరున్న కార్డులో పాత బరువు చూసి, ఇంకేమీ అడగలేదు. సాయంత్రం ఇంటికి వస్తానని మాత్రం చెప్పింది.

వచ్చింది. నన్నూ అమ్మనూ వాకిట్లోనే కూర్చోమని, తను లోపలికి పోయి నా భార్య పక్కన నేల మీద కూర్చుంది. తలుపు కొంచెం తెరిచే ఉంది. చాలాసేపు టీచర్ గొంతు కూడా వినిపించలేదు. తర్వాత ఇద్దరి గొంతులూ సన్నగా వినిపించాయి. బయటికి వచ్చేసరికి పొద్దుగూకింది. నన్ను వేపచెట్టు దాకా తీసుకుపోయి అక్కడ చెప్పింది.

"ఇది గాలి గాదు, ధూళి గాదు తమ్మీ. కాన్పైనంక కొందరికి వస్తది గీ బీమారి. మాకు ట్రైనింగుల చెప్పిండ్రు. మందులున్నయి, తగ్గుతది. జర జల్ది తీస్కపో. అప్పటిదాక ఆమెను ఒక్కదాన్ని ఉంచకుండ్రి."

ఎక్కడికని అడిగాను. అది ఆమెకూ సరిగ్గా తెలియదు. నా ముందే ఫోను తీసి సబ్‌సెంటర్ నర్సమ్మకు చేసింది, ఆమె ఇంకెవరికో చేసి మళ్లీ చేసింది. చివరికి తెలిసింది: నల్లగొండ పెద్ద దవాఖానలో దానికి వేరే డాక్టరున్నారు, చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు. ఇంత దగ్గరలో అలాంటిది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిచ్చి అంటే హైదరాబాద్ తీసుకుపోతారనీ, పోయినవాళ్లు మళ్లీ మామూలుగా రారనీ అనుకునేవాణ్ని.

మరుసటి పొద్దున అమ్మ, నేను, నా భార్య, పాప బస్సెక్కాం. పెద్దవాడిని ఖాలా ఉంచుకుంది. దవాఖానలో చీటీలు రాసే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఏ డాక్టర్ కావాలో నోట్లోంచి రాలేదు. నా వెనుక మా మండలం మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు, ముఖం ఎరిగినవాడు. నిద్ర పట్టడం లేదని చెప్పాను. జనరల్ డాక్టర్ దగ్గరికి రాశారు. అక్కడ కాన్పు అయిన మనిషి కదా అని ఆడవాళ్ల వార్డుకు పంపారు. వాళ్లు, ఇది ఇక్కడ కాదన్నారు. వాళ్ల తప్పేం లేదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు. నా భార్య మెట్ల మీద కూలబడింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

ఆ మెట్లు ఊడుస్తున్న ఆమె చీపురు పక్కన పెట్టి మా దగ్గరికి వచ్చింది. ఎవరికి బాగాలేదని అడిగింది. అమ్మ ముఖం తిప్పుకుంది. నేను నసిగాను. ఆమె నా భార్యను ఒక నిమిషం చూసి, "మనసు డాక్టర్ తానికా అన్నా? సిగ్గెందుకు? మా చెల్లెను గుడ గాడికే తోల్కపోయిన," అన్నది. చీపురు అక్కడే వదిలేసి మమ్మల్ని వెనక బిల్డింగులోని గది దాకా తీసుకుపోయింది. మధ్యలో కిటికీ దగ్గర ఆగి, మా కొత్త చీటీ కూడా తనే అడిగి రాయించింది.

డాక్టర్ చిన్న వయసు ఆడమనిషి. ఏమైందని అడిగింది. నేను మొదలుపెట్టాను: నిద్రపోదు, తినదు, పిల్లను చూడదు. ఆమె చేయి ఎత్తి నన్ను ఆపింది. "మీరు కాసేపు ఆగండి. ఆమెను చెప్పనివ్వండి."

నా భార్య కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు. అయినా డాక్టర్ తొందరపెట్టలేదు. చివరికి నా భార్య మాట్లాడింది. పాప నిద్రపోతున్నప్పుడు కూడా ఏడుపు వినిపిస్తుందట. పెద్దవాడప్పుడు రాత్రి బిడ్డ లేస్తే వాళ్లమ్మ ఎత్తుకునేదట, ఇప్పుడు లేచిన ప్రతిసారీ అమ్మ గుర్తొస్తుందట. తన వల్ల అందరికీ బరువైపోయిందట. వ్యవసాయ బావి దిక్కు పోవద్దని రోజూ పొద్దున తనకు తనే చెప్పుకుంటుందట.

బావి మాట విన్నప్పుడు మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకే కప్పు కింద ఉండి నేను ఏమీ వినలేదు.

డాక్టర్ మందులు రాసింది. పాలు పట్టవచ్చని చెప్పింది. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో ఆపవద్దనీ, మనిషిని ఒంటరిగా వదలవద్దనీ చెప్పింది. రాత్రిళ్లు పాపను ఎవరు చూస్తారని అడిగింది. తనే నా వైపు వేలు చూపించి, మీరే చూడాలి అన్నది.

ఆ తర్వాతి రోజులు చెప్పడం సులువు, గడపడం కష్టం. మధ్యాహ్నం షాపు మూసి, పాపను ఎత్తుకుని, భార్యను వెంటబెట్టుకుని అంగన్‌వాడికి పోయేవాణ్ని. టీచర్ మొదట రెండు రోజులు అన్నం టిఫిన్ డబ్బాలో ఇచ్చింది. తర్వాత ఇవ్వనన్నది, ఆమె నడిచి వచ్చి పదిమందిలో కూర్చుని తినాలన్నది. ఆమె తినే దాకా నేను పాపతో చాప చివర కూర్చునేవాణ్ని. ఆడవాళ్లు మొదట సిగ్గుపడ్డారు, వారం తిరిగేసరికి నన్ను ఆటపట్టించసాగారు. షాపు దగ్గర మగవాళ్లు అన్న మాటలు వేరు. అవి ఇక్కడ రాయను.

మూడు వారాలైనా పెద్ద మార్పు లేదు. అప్పుడు నేనొక తప్పు చేశాను. మోటారు తెచ్చిన ఒకాయన, ఆ గోలీలు మొదలుపెడితే జిందగీ అంతా మింగాల్సిందే అన్నాడు. నేను నమ్మాను. మందులు దాచిపెట్టి, నీకు తగ్గింది, ఇక అక్కర్లేదని ఆమెకు చెప్పాను. నాలుగైదు రోజుల్లో ఆమె మంచం దిగడం మానేసింది. మేం రావడం లేదని టీచర్ మా ఇంటికి వచ్చి, మందులు చూపించమన్నది. చూపించాను.

"నిన్ను డాక్టర్ను ఎవరు చేసిండ్రు తమ్మీ?" అన్నది నెమ్మదిగా. కోప్పడి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మళ్లీ నల్లగొండ పోయాం. జరిగింది నేనే చెప్పాను. డాక్టర్ మందులు మళ్లీ మొదలుపెట్టింది.

బాగుపడుతున్నదని నాకు తెలిసిన రోజు గుర్తుంది. పొద్దున పాపకు స్నానం చేయించి గౌను తొడిగి తెచ్చాను. ఆమె మంచం మీద నుంచి చూసి, "గిట్లనా గౌను తొడిగేది? బొత్తాములు ఎనకకు ఉండాలె," అన్నది. పాపను నా చేతుల్లోంచి లాక్కుని, విప్పి, మళ్లీ తొడిగింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. నేను దొడ్లోకి పోయి కాసేపు నిలబడ్డాను.

అలా అని ఒక్కసారిగా బాగు కాలేదు. రెండు మంచి రోజులు, ఒక చెడ్డ రోజు. తర్వాత వారం మంచిది. దసరాకు మిషను మీది దుప్పటి తీసింది. మందులు డాక్టర్ చెప్పినట్టే కొద్దికొద్దిగా తగ్గించి, ఏడాది దాటాక ఆపేశాం. అమ్మ కూడా మారింది. కోడలికి ఏమైందని ఎవరైనా అడిగితే జ్వరం అనడం మానేసి, "కాన్పైనంక మనసు బాగలేకుండె, దవాఖానల సూపిచ్చినం" అనడం మొదలుపెట్టింది.

చాలా కాలానికి, పాప నడుస్తున్న రోజుల్లో, నా భార్య ఒక సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను ఒక్క మాటా అనకుండా పాపను ఎత్తుకుపోయినప్పుడు ఇక తిరిగి తేననుకుందట. తన మీద అసహ్యంతో పోయాననుకుందట. భయంతో పోయానని చెప్పాను. "గదే మాట అప్పుడు చెప్పకపోతివి," అన్నది.

ఒకసారి అంగన్‌వాడిలో తల్లుల మీటింగు జరిగింది. టీచర్ అడగలేదు, నా భార్యే లేచి తనకు జరిగిందంతా చెప్పిందని ఖాలా మనవరాలి ద్వారా విన్నాను. బావి సంగతి కూడా చెప్పిందట. కడుపుతో ఉన్నవాళ్ల ముందు ఇలాంటివి మాట్లాడతారా అని వాళ్లలో ఒకామె అత్త కోప్పడితే, వాళ్ల ముందు కాకపోతే ఇంకెవరి ముందు చెప్పాలని అడిగిందట. ఇంటికి వచ్చి ఆ రోజు నాకేమీ చెప్పలేదు. అన్నం పెట్టి, ఎవరి జాకెట్‌కు చేతులు బిగుతయ్యాయో చెప్పింది.

పాప ఇప్పుడు బడికి పోతున్నది. నా భార్య ఎప్పుడైనా పని ఆపి ఊరికే కిటికీ వైపు చూస్తూ కూర్చుంటే, అడగాలా వద్దా అని అటూ ఇటూ తిరుగుతాను. ఆమెకు తెలిసిపోతుంది. తల తిప్పకుండానే, "ఏం లేదు, ఊకెనే కూసున్న. నువ్వు గుడ వచ్చి కూసో," అంటుంది. పోయి కూర్చుంటాను.