మామ్మ బుగ్గల మీద నా ప్రింటర్ వైద్యం

అరకు ఘాట్‌రోడ్డులో కొండచరియలు విరిగిపడటం మీరు చూసే ఉంటారు. నా పరువు విరిగిపడటం మాత్రం చూసి ఉండరు. దానికి శబ్దం తక్కువ, నష్టం ఎక్కువ. చెబుతాను, కూర్చోండి.

విజయనగరం నుంచి కొండెక్కి అరకులో ఫొటో స్టూడియో తెరిచిన కొత్త. కౌంటరు దాటి ఏ గూడేనికీ వెళ్లిన పాపాన పోలేదు. నా ఫొటో ప్రింటర్ మాత్రం ఎడ్లబండంత ఉండేది. దాన్ని దింపడానికి సగం సంత కదిలొచ్చింది. మిగతా సగం సలహాలివ్వడానికొచ్చింది.

ఒక శుక్రవారం రత్నం టీచర్ సెల్లులో వాళ్ల మామ్మ ఫొటో తెచ్చింది. పై గూడెం చర్చిలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది ఆ మామ్మేనట.

"ఎల్లుండి చర్చి పండగండి. నాలుగడుగుల ఫొటో, ఆరాధన టైముకి గోడ మీదుండాల."

"నిశ్చింతగా ఉండండి" అన్నాను. నేనీ మాట అన్నప్పుడల్లా ఎవరికో ఒకరికి నిద్ర కరువవుతుంది.

ప్రింట్ తీస్తే మామ్మ నుదుటి మీద, బుగ్గల మీద వరసగా నీలి గీతలు. సిరా రంధ్రాలు పూడుకుపోయాయేమోనని నాజిల్ చెక్ తీశాను. ఒక్క గడి తెగకుండా వచ్చింది. అది నాకు నచ్చలేదు. హెడ్ క్లీనింగ్ ఒకటికి నాలుగుసార్లు కొట్టాను. సిరా సగమైంది, గీతలు నిండుగానే ఉన్నాయి. పొగమంచుకి కాగితం చెమ్మగిల్లిందేమోనని చుట్టంతా విప్పి, మర్నాడు పొద్దున్నే పక్కింటివాళ్ల కాఫీ గింజల సరసన ఎండబెట్టాను. గీతలు పోలేదు సరికదా, దాని మీద ఒక కోడి షికారు చేసింది.

విశాఖ మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"గీతలు కాగితమంతా ఉన్నాయా గురూ?"

"లేదు, ముఖం మీదే. ఫొటోలో మామ్మ వెనకున్న కాఫీతోట అద్దంలా ఉంది."

"అయితే మిషన్‌కేం రోగం లేదు. ఆ ఫొటో ఏటో సూసుకో."

మీకు ఈపాటికి అర్థమైపోయుంటుంది. నేను మాత్రం నా ప్రింటర్‌కి ముసలివాళ్లంటే పడదని తేల్చుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. చూడలేక ప్రింటర్ ఓడన్నవాణ్ణి నేనే.

శనివారం మధ్యాహ్నానికి ఒక్క ఫొటోకి సరిపడా కాగితం మిగిలింది. అయినా పట్టు వదల్లేదు. కంప్యూటర్లో మామ్మ ముఖం తెరిస్తే అక్కడా అవే గీతలు. సెల్లు కెమెరా మరకలనుకుని, చేపకి పొలుసు తీసినంత శ్రద్ధగా గీతలన్నీ తుడిచేశాను. ఆఖరి కాగితం మీద మామ్మ ఒలిచిన కోడిగుడ్డులా మెరిసింది.

సాయంత్రం టీచర్ వెంట మామ్మే దిగింది. గుమ్మంలో ఆమె ముఖం చూశాను. నుదుటి మీద, బుగ్గల మీద అవే నీలి గీతలు. పచ్చబొట్లు.

మామ్మ ఫొటో ముందుకొచ్చి నిలబడింది. "ఈవిడెవులే?" అని మనవరాల్ని అడిగింది.

టీచర్ నావైపు చూసింది. నేను ఖాళీ అయిన కాగితం చుట్టవైపు చూశాను.

"సిన్నప్పుడు మా యమ్మ పొడిపించింది బాబూ, సచ్చి పైకెల్లినా మనోల్లు నన్ను గురుతట్టాలని. నువ్వేటి, బతికుండగానే సెరిపేసినావు?"

మామ్మ కౌంటరు మీది నీలం మార్కరు అందుకుంది. ఎడమచేతి వేలితో తన బుగ్గ తడుముకుంటూ, కుడిచేత్తో ఫొటో బుగ్గ మీద గీసుకుపోయింది. ఒక్క గీత వంకర పోలేదు. క్లీనింగ్ అడగలేదు.

ఆదివారం చర్చిలో మామ్మని అందరూ గుర్తుపట్టారు. నన్ను కూడా. "మామ్మని కడిగేసిన గుంటడు ఈడే" అని.

నాటినుంచి ప్రింటర్ మీద చెయ్యేసి ప్రమాణం చేసి ఉన్నాను: ఎవరి ముఖం బాగుచెయ్యాలనిపించినా, ముందు కొండెక్కి ఆ ముఖాన్ని కళ్లారా చూసొస్తాను. మోకాళ్ల నొప్పులకి ఇందులో మినహాయింపు లేదు.