పెద్ద మామా నా చెయ్యి వదలని పొద్దున

దెయ్యం పట్టిందని మా ఊళ్లో ఎవరైనా ఊగిపోతుంటే, ముందు వాళ్లకు కడుపుకింత అన్నం పెట్టారా అని అడిగే రకం నేను. కడప జిల్లాలో పుట్టి, పదేళ్లు ఒమాన్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషిని. దెయ్యాలు, చేతబళ్లు ఏవీ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తొంభైల మొదట్లో మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో ఒక ఇంట్లో పనికి ఉన్నాను. ఇంటావిడను మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలిచేదాన్ని. బాబా వాళ్లమ్మ పెద్ద మామా. ఆమెకు రెండు కళ్లూ కనిపించవు. నేను చేరేనాటికే ఆరేడేళ్లుగా అంతేనట. రోజూ ఆమెకు స్నానం చేయించి, మంచం మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు గింజ తీసి చేతిలో పెట్టేదాన్ని.

రెండో ఏడు నాకు ఒక జబ్బు మొదలైంది. వంగి నేల తుడుస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకునేది. తల పగిలిపోయేది. ఏసీ గదిలో కూడా బట్టలు పిండుకునేంత చెమట. ముఖం సున్నంలా పాలిపోయేది. అన్నిటికంటే భయం ఎక్కువ. దేనికో తెలియదు, ఇప్పుడే చచ్చిపోతాననిపించేంత భయం. పావుగంటకు సర్దుకునేది. లేచి మిగతా నేల తుడిచేదాన్ని.

పక్కింట్లో పనిచేసే గోదావరి జిల్లా సత్యవతి ఒకసారి నా అవస్థ చూసింది.

"ఒదినా, నీకు గాలి సోకిందే. నా మాటిని తాయెత్తు కట్టించుకో" అంది.

"గాలి సోకితే ఉక్కపోత తగ్గాల గదమ్మా, నాకు చెమటెందుకు పడతాది?" అన్నాను. అది నవ్వలేదు.

తాయెత్తు కట్టించుకోలేదు గానీ నడికట్టు బిగించాను. మా వైపు ఆడవాళ్లు బరువు పనిలో నడుముకు పాత చీర పీలిక గట్టిగా కట్టుకుంటారు, బలంగా ఉంటుందని. నాది నీరసం అనుకున్నాను. బిగించాక రోజుకు ఒకసారి వచ్చే దడ మూడుసార్లు వచ్చేది. దాంతో నీరసం ముదిరిందని ఇంకా బిగించాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

చివరికి మామా నన్ను ఒక ప్రైవేట్ క్లినిక్‌కు తీసుకెళ్లింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. బీపీ ఎక్కువుంటే, భయానికి పెరిగిందిలే అనుకున్నారు. రాళ్లు తీసేస్తే అన్నీ పోతాయని ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు.

ఆ రోజు పొద్దున బాబా కారు స్టార్ట్ చేశాడు. నేను చెప్పి వెళ్దామని పెద్ద మామా దగ్గరికి వెళ్లాను. ఆమె నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. నీళ్ల గ్లాసు కూడా గట్టిగా పట్టుకోలేని మనిషి. "లా, లా" అంది. వద్దు, వద్దు అని. నవ్వుతూ విడిపించుకోబోయాను. ఆమె వేళ్లు విడలేదు.

బాబా వచ్చి బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు. ఒక్కో వేలూ విప్పబోయాడు. ఆమె ముఖం నా వైపు లేదు. నాకు కాస్త పక్కగా తిప్పి, అరబ్బీలో నాకు అందనంత నెమ్మదిగా ఏదో అంది. అది విని మామా ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. ఏమంటోందని అడిగితే, ముసలితనం, ఏదో వాగుతోంది అంది.

గంటన్నర అట్లాగే ఉన్నాం. వదిలేసరికి టైం దాటిపోయింది. క్లినిక్ వాళ్లు మరో వారానికి మార్చారు. ముసల్దానికి మతి పోయింది, నా ప్రాణం తీస్తోంది అని లోపల తిట్టుకున్నాను. ఆ మాటకు ఈ రోజుకూ సిగ్గుపడుతున్నాను.

నాలుగు రోజులకు ఆమెకు స్నానం చేయిస్తూ వంగినదాన్ని వంగినట్టే పడిపోయాను. ఈసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మలయాళీ సిస్టర్ బీపీ చూసి, మెషిన్ చెడిందనుకుని ఇంకోటి తెచ్చింది. రెండోదీ అంతే చూపించింది. ఒక పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా క్యాన్‌లో పట్టించి పరీక్షకు పంపారు. మళ్లీ పెద్ద స్కానింగ్ తీశారు.

డాక్టరమ్మ హిందీలో విడమరిచి చెప్పింది. మూత్రపిండం మీద టోపీలా అడ్రినల్ గ్రంథి ఉంటుందట. నా ఎడమ గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ ఉంది. చాలా అరుదైనది. భయమేసినప్పుడు ఒంట్లో ఊరే రసాన్ని ఆ గడ్డ ఏ కారణమూ లేకుండా కుమ్మరిస్తుంది. వంగినా, నొక్కినా ఇంకా ఎక్కువ. నడికట్టు సంగతి చెబితే ఆమె తల పట్టుకుంది. ఇన్నాళ్లూ దాన్ని పిండింది నేనేనన్నమాట.

ఇట్లాంటి గడ్డ ఉన్నవాళ్లకు ముందు కొన్ని వారాలు మాత్రలిచ్చి బీపీని అదుపులోకి తేవాలట. అది తెలియక ఆ రోజు రాళ్ల కోసం మత్తిచ్చి ఉంటే బల్ల మీదనే పోయేదానివి అంది. తర్వాత అడిగింది, మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్‌లో ఉన్నట్టుండి చనిపోయారా అని.

నాకు పదేళ్లప్పుడు మా అమ్మ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ క్యాంపుకు వెళ్లి తిరిగి రాలేదు. అంతకు ముందు ఆమె కూడా పని మధ్యలో చెమటలు కక్కుతూ కూలబడేది. భయానికి గుండె ఆగిందని ఊళ్లో అన్నారు.

మాత్రలు మింగాను, ఆపరేషన్ అయింది, బతికాను. ఇది తల్లి నుంచి పిల్లలకు రావచ్చని డాక్టరమ్మ అంటే, మా తమ్ముడికి జాబు రాయించి పరీక్షలు చేయించాను. వాడికి ఏమీ లేదు.

తిరిగి పనిలో చేరాక, ఆ పొద్దున పెద్ద మామా ఏమందో చెప్పమని మామాను పట్టుబట్టాను. నువ్వు జడుసుకుంటావని చెప్పలేదు అంది. చివరికి చెప్పింది.

"ఈ పిల్ల పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒళ్లంతా చెమట. పంపొద్దని ఏడుస్తోంది" అందట. "ఎవరో తెలియదు. ఒక చెవి తమ్మె చీలిపోయి ఉంది" అని కూడా అందట.

మా అమ్మ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉండేది. చంటిపిల్లప్పుడు కమ్మ పట్టుకుని లాగి చీల్చింది నేనేనట. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆ చెవి సంగతి ఒమాన్‌లో సత్యవతితో సహా ఎవ్వరికీ చెప్పలేదు.

పెద్ద మామా దగ్గరికి పరిగెత్తి, ఇంకా ఉందా, ఏమంటోంది అని అడిగాను. ఎవరు, ఏ ఆడమనిషి అంది ఆమె. నిజంగానే ఆమెకు ఏదీ గుర్తులేదు.

ఆ గడ్డ గురించి అడిగితే డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పగలను. దీని గురించి అడిగితే మాత్రం నాకేమీ తెలియదు. ఇన్నేళ్లు ఆలోచించినా తెలియలేదు. తెలిసింది ఒక్కటే. అమ్మ క్యాంపుకు బయల్దేరిన రోజు, ఆమె చెయ్యి పట్టుకుని వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. నేను వాకిట్లో నిలబడి, తొందరగా రమ్మన్నాను.